మనసుకు మందు, మేనికి కాపుదల

చిన్నపిల్లలకును మనోవ్యాధులు వచ్చుననుట మన కర్నూలు, కడప సీమలలో చాలమంది నమ్మజాలని మాట. ఆ వ్యాధులకు మందు కలదనుట రెండవ మాట. ఆ మందు మనస్సును కుదుటపరచుచునే దేహమున బరువును, నెత్తుటిలో చక్కెరను, కొవ్వును పెంచగలదనుట మూడవ మాట. మొదటి రెండు మాటలను నమ్మించుటకే వైద్యులకు తలప్రాణము తోకకు వచ్చుచుండుటచేత, మూడవ మాటను తల్లిదండ్రుల చెవిని వేయుటకు వారికి తీరిక చిక్కుట అరుదు. అందుచేత ఆ మూడవ మాటనే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని. విన్నవారు బెదరి మందును మాన్పింపవలెనని నా ఉద్దేశము కాదు. మందును వాడుచునే బిడ్డ దేహమును కనిపెట్టి యుండవలెననియు, అట్లు కనిపెట్టుట చికిత్సలో భాగమే గాని చికిత్సకు వెలుపలి పని కాదనియు విన్నవించుటయే నా ఉద్దేశము.

ఈ మందులు ఎవరికి అవసరమగునో ముందుగా చెప్పెదను. చదువులో చురుకుగా నుండిన పదునైదేండ్ల పిల్లవాడు క్రమముగా బడి మాని, పగలును రేయియు ముసుగుదన్ని పడుకొని, ఎవరును లేనిచోట ఎవరితోనో మాటలాడుచు, ఇరుగుపొరుగువారు తనపై కుట్ర పన్నుచున్నారని తలుపులు బిగించుకొనుట యొక తీరు. దీనిని వైద్యులు స్కిజోఫ్రేనియా యందురు. దినముల తరబడి నిద్రలేకయే అమితోత్సాహముతో చెలరేగి, పట్టపగ్గములు లేక తిరుగుట మరియొక తీరు, ఇది మేనియా. ఆటిజముతోనో, బుద్ధిమాంద్యముతోనో పుట్టిన బిడ్డ తన చేతిని తానే కొరుకుకొనుట, తల గోడకు బాదుకొనుట, ఎదుటివారిపై విరుచుకుపడుట వేరొక తీరు. 2015–16లో మన దేశమున 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే, 13 మొదలు 17 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి 7.3 వంతుల మందికి ఏదో యొక మానసిక రుగ్మత కలదని తేల్చినది. వీరందరికిని ఈ మందులు అక్కరలేదు. పెక్కుమందికి ఆదరపూర్వకమైన సలహాయు, తర్ఫీదును చాలును. కాని నేను పైన జెప్పిన తీరున తీవ్రముగా బాధపడు పిల్లలకు మందే దిక్కు. గాలి సోకెననియు, ఎవరో చేయించిరనియు గుళ్లకును దర్గాలకును త్రిప్పి, తాయెత్తులు కట్టించి, నెలలు గడచిన పిమ్మట ఆసుపత్రి మెట్లెక్కుట మనకు అలవాటు గనుక, ఆ సరికి వ్యాధి ముదిరి మందుయొక్క ఆవశ్యకత మరింత పెరిగియుండును.

ఈ ఔషధముల చరిత్రలో మన దేశమునకును పాలు కలదు. మన వైద్యులు ఉన్మాదమునకు సర్పగంధ వేరును తరతరములుగా వాడుచుండిరి. 1931లో గణనాథ సేనుగారును, కార్తీకచంద్ర బోసుగారును ఆ వేరునకు ఉన్మాదమును, రక్తపుపోటును తగ్గించు గుణము కలదని వైద్యపత్రికలో ప్రకటించిరి. 1952లో ఐరోపా శాస్త్రజ్ఞులు దానినుండి రిసర్పీను అను సారమును వేరుపరచిరి. ఆ యేటనే పారిస్ నగరమున డిలే, డెనికర్ అను ఇరువురు వైద్యులు క్లోర్‌ప్రోమజీను అను మందును ఉన్మాదరోగులకిచ్చి, సంకెళ్లును చీకటికొట్లును తప్ప వేరుదారి అంతగా యెరుగని లోకమునకు క్రొత్తదారి చూపిరి. అటుపిమ్మట వచ్చిన హాలోపెరిడాల్ మొదలగు మొదటితరపు మందులు మనస్సును నిలిపినను, చేతులను వణకించుచు, మెడను, దవడను బిగియజేయుచు రోగిని క్రుంగదీసెడివి. ఆ బాధ తక్కువగా నుండునని 1990 దాటిన పిదప రిస్పెరిడోన్, ఓలాంజపీన్, క్వెటియాపీన్, అరిపిప్రజోల్ అనునవి ఒకదానివెంట నొకటి వ్యాపించినవి. అంతకు పూర్వమే పుట్టిన క్లోజపీనును, ఏ మందుకును లొంగని వ్యాధికి గొప్ప మందుగా మరల వాడుకలోనికి వచ్చినది. వణకు తగ్గినది నిజమే. కాని ఆ స్థానమున బరువును, మధుమేహభయమును వచ్చి నిలిచినవి. 2003లో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ, ఈ రెండవతరపు మందులన్నింటి వివరపత్రములందును మధుమేహమును గూర్చిన హెచ్చరిక చేర్పవలెనని ఉత్పత్తిదారులను కోరుటకు కారణమిదియే.

ఇక మన ఊళ్లలో ఇది ఎట్లు జరుగునో యొక దృశ్యమును ఊహించి చూడుడు. ఆసుపత్రిలో మానసిక వైద్యుని గది బయట, బల్లపైన తల్లియు కొడుకును కూర్చుండియున్నారు. తెల్లవారకమునుపే పల్లెలో బస్సెక్కి వచ్చినవారు. మందు మొదలిడి మూడు నెలలైనది. లోనికి పిలువగానే తల్లి ముఖము విప్పారును. "అబ్బోడు ఇప్పుడు బాగుండాడు సార్. రాత్రిళ్లు నిద్రపోతాండాడు. మొన్నటిదాంక మెతుకు ముట్టనోడు ఇప్పుడు రెండు ముద్దలు ఎక్కువే తింటాండాడు. ఒళ్లు గూడ చేసినాడు" అని చెప్పును. బయట ఇంకను పెక్కుమంది నిరీక్షించుచుండుటచేత వైద్యుడు సంతసించి అవే మాత్రలను మరల వ్రాసి పంపివేయును. ఆ పిల్లవాని ప్యాంటు గుండీ పట్టక పిన్నీసు పెట్టుకొన్నాడనియు, దానిని కప్పుటకై చొక్కాను పైకి వదలినాడనియు, ఈ మూడు నెలలలో వాని మొలతాడు రెండుమారులు తెగి మూడవమారు పొడవుగా కట్టవలసి వచ్చినదనియు ఎవరును అడుగలేదు, వాడును చెప్పలేదు. గది మూలను బరువు తూచు యంత్రము ఉండనేయున్నది. దానిపై నిలువుమని వానితో ఎవరును అనలేదు. ఇందు ఎవరి ప్రేమకును లోపము లేదు, ఎవరి విద్యకును లోపము లేదు. లోపించినది ఒక అంకె మాత్రమే.

ఆ అంకె ఎంత త్వరగా పెరుగునో తెలియజేయు లెక్కలు కలవు. 2009లో ప్రకటింపబడిన అమెరికా అధ్యయనమొకటి, 4 మొదలు 19 ఏండ్ల వయస్సు గలిగి, అంతకుముందు ఈ మందుల నెరుగని 272 మంది పిల్లలను సుమారు 11 వారములపాటు పరిశీలించినది. ఆ స్వల్పకాలములోనే సగటున ఓలాంజపీను వాడినవారు 8.5 కిలోలును, క్వెటియాపీను వాడినవారు 6.1 కిలోలును, రిస్పెరిడోను వాడినవారు 5.3 కిలోలును, అరిపిప్రజోలు వాడినవారు 4.4 కిలోలును బరువెక్కిరి. ఏ మందును వాడని కొద్దిమంది పిల్లలు అదే కాలమున 0.2 కిలో మాత్రమే పెరిగిరి. అంతకుముందు 2008లో ఫలితములు ప్రకటింపబడిన, కౌమారవయస్కుల స్కిజోఫ్రేనియాపై జరిగిన మరియొక పరీక్షలో, బరువు మితిమీరి పెరుగుచున్నదని ఓలాంజపీను వర్గమును మధ్యలోనే నిలిపివేసిరి. పెద్దవారికంటె పిల్లలు ఈ విషయమున మిక్కిలి సున్నితులు. పెరుగు వయస్సున బరువు పెరుగుట సహజమే గదా యని కొందరనవచ్చును. అందుచేతనే పిల్లల బరువును ఒంటరిగా గాక వయస్సుతోను, ఎత్తుతోను సరిపోల్చి చూచుటకు భారతీయ శిశువైద్యుల సంఘమువారు 2015లో మన పిల్లలకు తగిన పట్టికలను సవరించి ప్రకటించిరి. ఎత్తు పెరుగక బరువే పెరిగినచో అది ఎదుగుదల కాదు.

మనస్సుకు వేసిన మందు కడుపునకు ఆకలి ఏల పుట్టించునను సందేహము సహజము. మన మెదడు అడుగుభాగమున హైపోథలామసు అను చిన్న కేంద్రము, చెరువు తూముకడ నిలుచు నీరుగంటివలె, ఇంత చాలును, ఇక మూయుమని నిర్ణయించుచుండును. హిస్టమీను, సెరటోనిను అను రసాయనములు అందించు సంకేతములే దానికి ఆనవాళ్లు. ఓలాంజపీను, క్లోజపీను వంటి మందులు మనోవ్యాధికి సంబంధించిన డోపమీను ద్వారములనే గాక, ఈ సంకేతములు చేరవలసిన ద్వారములను గూడ మూసివేయును. తినుచున్నవానికి చాలుననిపించుట ఆలస్యమగును, తిన్న రెండు గంటలకే మరల ఆకలి యగును. మందే ఆకలి తెచ్చిపెట్టిన ఈ బిడ్డను తిండిపోతని దెప్పుట అన్యాయము. వాని నాలుక చేసిన తప్పేమియు లేదు. దీనికితోడు మందు తెచ్చు మత్తుచేత నడక, ఆట తగ్గును. ఇంతకంటె సూక్ష్మమైన విషయమొకటి కలదు. బరువు పెద్దగా పెరుగనివారిలోను ఈ మందులలో కొన్ని ఇన్సులినుయొక్క పనిని నేరుగా మందగింపజేయును. కావున సన్నగా నున్నాడు గదా యని రక్తపరీక్షను వాయిదా వేయరాదు.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రమున 6 మొదలు 24 ఏండ్లవారి వైద్యవివరములను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనము, ఈ మందులు మొదలిడినవారికి, ఇతర మానసిక ఔషధములు వాడిన అట్టివారికంటె, టైప్-2 మధుమేహము వచ్చు అవకాశము సుమారు మూడింతలనియు, ఆ ముప్పు మొదటి సంవత్సరమునుండియే కానవచ్చుననియు తేల్చినది. మూడింతలనగానే గుండెలు బాదుకొననక్కరలేదు. ఏలయన చిన్నవయస్సున ఈ వ్యాధి మొత్తముమీద అరుదు. కాని పదునాలుగేండ్లకు మొదలైన మధుమేహమునకును, యాభైయేండ్లకు మొదలైనదానికిని గల భేదమును ఆలోచింపుడు. కన్నులను, మూత్రపిండములను, గుండెను కొరుకుచుండుటకు ఆ వ్యాధికి మరి ముప్పదియారేండ్ల గడువు చిక్కినట్లే గదా.

ఈ చోట, ఆకలికిని ఈ వ్యాధులకును గల సంబంధము తెలియుటకై, మన సీమ చరిత్రను గూర్చియు ఒకమాట చెప్పుకొనవలెను. 1876–78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టినది. ఆ కరువు ముగిసినమీదట 1879లో ఇంగ్లండున హెన్రీ మాడ్స్‌లీ యను మానసిక వైద్యశాస్త్రవేత్త, ఉన్మాదము గల కుటుంబములలో మధుమేహము తరచుగా కానవచ్చుచున్నదని వ్రాసెను. అప్పటికి ఈ మందులలో ఒక్కటియు పుట్టలేదు. అనగా ఈ రెండు వ్యాధులకును ఏదో లోతైన చుట్టరికము మొదటినుండియు కలదన్నమాట. ఆ చుట్టరికమునకు ఒక ఆధారము హాలండు దేశమున దొరికినది. 1944–45 శీతకాలమున జర్మను సేనల దిగ్బంధముచేత అచ్చట ఘోరమైన క్షామము కలిగెను. ఆ దినములలో తల్లి గర్భమున నుండినవారు పెద్దవారైన పిదప, వారిలో చక్కెరను వినియోగించు శక్తి తగ్గియున్నట్లును, ఆ క్షామము ముదిరిన నెలలలో గర్భమున బడినవారిలో స్కిజోఫ్రేనియా సుమారు రెండింతలుగా నున్నట్లును వేర్వేరు పరిశోధకులు కనుగొనిరి. పుట్టకమునుపే ఆకలిని చవిచూచిన దేహము దొరికిన ప్రతి మెతుకును దాచుకొనుటకు అలవాటుపడునని శాస్త్రజ్ఞుల ఊహ.

మన దేశపు శిశువులను గూర్చి పూనా నగరమున డాక్టరు యాజ్ఞిక్‌గారు చేసిన పరిశోధన ఈ ఊహకు బలమిచ్చినది. పూనా చుట్టుపట్ల పల్లెలలో పుట్టిన బిడ్డలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డలు 3.5 కిలోలు తూగిరి; కాని మన బిడ్డలలో తక్కువైనది కండ, కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. కంటికి బక్కపలుచగా కనబడు మన పిల్లలు లోపల కొవ్వును మోయుచున్నారన్నమాట. వానలు కురియని యేటను పస్తులతో కడుపుతో నుండిన తల్లులు మన సీమలో ఎందరో గలరు. అట్టి తల్లులు కన్న బిడ్డకు, ఆకలిని పెంచి ఇన్సులినును మందగింపజేయు మాత్ర ఇచ్చునపుడు, పాశ్చాత్యదేశముల బిడ్డకంటె మన బిడ్డనే మిక్కిలి జాగ్రత్తతో కనిపెట్టవలెను. దేశదేశముల వైద్యులు మనవారికి, ఎత్తునకు తగిన బరువును తెలుపు బి.ఎం.ఐ. అను అంకె 25కు బదులు 23 దాటినంతనే అధికబరువుగా లెక్కించుటకు కారణమును ఇట్టిదే.

తిండి సంగతియు మారినది. జొన్నరొట్టె, కొర్రన్నము, సజ్జ, రాగిసంకటి తిని చేలలో వంగి పనిచేసిన సీమ మనది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప ఆకలి తీరినది. ఆ మేలును మరువరాదు. అయినను మూడుపూటల తెల్లబియ్యపు అన్నమును, చారును, నంజుకొనుటకు ఊరగాయయు మాత్రమే మిగిలి పప్పు, ఆకుకూర తగ్గిన ఇండ్లు పెక్కు. మందు ఆకలి రేపిన పిల్లవాడు సాయంకాలము బజారున ఉగ్గాని బజ్జియు, కారందోసెయు, చౌకగా దొరకు కూల్‌డ్రింకును, చిప్సు పొట్లములును చూచి ఆగజాలడు. తల్లిదండ్రులు వ్యాధితో నలిగిన బిడ్డను అడిగినదెల్ల కొనియిచ్చి ఓదార్చుదురు. ఇందుకు నేను చెప్పునది పథ్యముల పట్టిక కాదు, రెండే మాటలు. మొదటిది, కూల్‌డ్రింకును ఇంటికి రానీయకుడు. దాహమునకు నీరో, పలుచని మజ్జిగయో ఇండు. రెండవది, ఆకలి తట్టుకొనలేని వేళకై ముందే ఏర్పాటు చేయుడు: ఉడికించిన శనగలో, పెసలో, ఒక దోసకాయయో, జామకాయయో చేతికందునట్లు ఉంచుడు. సంకటి మంచిదని రెండు ముద్దలకు మూడు ముద్దలు తినుటయు తగదు. రాగులలోను అధికభాగము పిండిపదార్థమే. చెనిక్కాయలు బలమైనవే గాని, పిడికెడు దాటినచో కొవ్వే. మరియు ఈ నియమము బిడ్డకు ఒక్కనికే విధింపరాదు; ఇంటిల్లిపాదియు అదే తిన్ననాడు వానికి శిక్షగా తోచదు.

ఇక ఇంటిలోనే కనిపెట్టదగిన గుర్తులను చెప్పెదను. ఒక నూలుపోగు తీసికొని బిడ్డ ఎత్తును పాదమునుండి నడినెత్తివరకు కొలువుడు. ఆ పోగును సరిగా సగమునకు మడువుడు. ఆ సగము పోగును బిడ్డ బొడ్డుమీదుగా నడుముచుట్టు, ఊపిరి మామూలుగా వదలినప్పుడు, బిగింపక త్రిప్పుడు. కొనలు రెండును కలిసినచో మంచిదే. కలియనిచో, అనగా నడుము కొలత ఎత్తులో సగమును మించినచో, పొట్టలో కొవ్వు చేరినదని తెలిసికొని వైద్యునితో చెప్పుడు. ఇందుకు రూకయు ఖర్చు లేదు, చదువుతోను పని లేదు.

రెండవ గుర్తు మెడ. మెడవెనుకను, చంకలలోను చర్మము నల్లబడి, దట్టమై, ముట్టినపుడు మెత్తని బట్టవలె తోచినచో అది మురికి కాదు. మన తల్లులు దానిని మురికియనుకొని పీచుతో రుద్ది రుద్ది బిడ్డకు ఎఱ్ఱని గాట్లు చేయుదురు. ఎంత రుద్దినను పోని ఆ నలుపు, నెత్తుటిలో ఇన్సులిను అధికమైనదనుటకు దేహము వ్రాసిన చీటి. మూడవ గుర్తు దాహము. వేసవిలో కర్నూలు ఎండ 42, 43 డిగ్రీలు దాటునపుడు అందరికిని దాహమే; అందుచేత మధుమేహపు దాహము ఎండచాటున దాగికొనును. కాని మాటిమాటికి నీరు త్రాగుటతోబాటు రాత్రివేళ పలుమారులు మూత్రమునకు లేచుట, బాగుగా తినుచున్నను ఉన్నట్టుండి చిక్కిపోవుట, పొట్టనొప్పి, వాంతులు కనబడినచో జాగు చేయక ఆ దినమే ఆసుపత్రికి కొనిపోవలెను.

పిల్లలు నోరువిప్పి చెప్పుకొనలేని బాధలు మరికొన్ని కలవు. రిస్పెరిడోను వంటి మందులు ప్రొలాక్టిను అను హార్మోనును పెంచును. దానివలన మగపిల్లలకు రొమ్ము పెరుగుటయు, ఆడపిల్లలకు నెలసరి తప్పుటయు, పాలు స్రవించుటయు జరుగవచ్చును. ఏటిలో ఈదుటకు చొక్కా విప్పనొల్లని పిల్లవానిని, తోటివారు ఎగతాళి చేయుదురని బడికి పోనొల్లని పిల్లను గద్దింపక, ఏకాంతమున మెల్లగా అడుగుడు. ఏలయన ఈ సిగ్గునకు ఫలితము కేవలము సిగ్గుతో ఆగదు. లావగుచున్నానను దిగులుతో పిల్లలు మాత్రను నాలుకక్రింద దాచి ఉమ్మివేయుదురు. ఆడపిల్లకు సంబంధము రాదను భయముతో ఇంటివారే మాత్రను ఆపివేయుదురు. కొన్ని వారములు అంతయు బాగుగనే యున్నట్లు తోచును. అటుపిమ్మట వ్యాధి తిరుగబెట్టును. అట్లు తిరుగబెట్టినది మునుపటికంటె మొండిగా నుండుటయు కలదు. క్లోజపీను వంటి మందును హఠాత్తుగా మానుట మిక్కిలి ప్రమాదము. కావున మందు తగ్గించుటయైనను, మార్చుటయైనను, మానుటయైనను వైద్యునితో చెప్పియే, మెట్టు మెట్టుగా జరుగవలెను.

వైద్యునిచేతిలో మార్గములు లేకపోలేదు. 2004లో అమెరికా మధుమేహ సంఘమును, మానసిక వైద్యుల సంఘమును కూడి ఒక క్రమమును నిర్ణయించినవి. మందు మొదలిడుటకు ముందే బరువు, నడుము కొలత, రక్తపుపోటు, పరగడుపున చక్కెర, కొవ్వులు చూడవలెను. కుటుంబములో ఎవరికైన చక్కెరవ్యాధి కలదేమో అడుగవలెను. 4, 8, 12 వారములకు బరువును, అటుపై మూడునెలలకొకసారియు తూచవలెను. చక్కెరను, కొవ్వులను మూడవ నెలను, పిదప చక్కెరను ఏటికొకసారియు, కొవ్వులను కనీసము అయిదేండ్లకొకసారియు పరీక్షింపవలెను. మొదటి బరువుపై నూటికి 5 వంతులు పెరిగినచో మందు మార్చుటను ఆలోచింపవలెను. పరగడుపు చక్కెర 100 దాటినచో జాగ్రత్తపడవలెను. 126 చేరినచో అది మధుమేహమే కావచ్చునని మరల పరీక్షించి నిర్ధారింపవలెను. ఈ క్రమము పెద్దలనుద్దేశించి ఏర్పడినదైనను, పెరుగుచున్న పిల్లలకు ఇంతకంటె తరచుగా చూచుట మేలే గాని కీడు కాదు.

బరువు పెరిగినప్పుడు వైద్యుడు మోతాదును తగ్గింపవచ్చును; ఓలాంజపీను నుండి అరిపిప్రజోలు వంటి తేలిక మందునకు మార్పవచ్చును; మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మినును తోడుగా చేర్పవచ్చును. ఆటిజము గలిగి ఈ మందులు వాడు పిల్లలలో మెట్‌ఫార్మిను బరువును అదుపునకు తెచ్చినట్లు 2016లో ప్రకటింపబడిన అధ్యయనము తెలిపినది. కొన్నిచోట్ల మందే అక్కరలేకపోవచ్చును. మాటరాని బిడ్డ ఒక్కసారిగా గోడకు తల కొట్టుకొనసాగినచో, పన్నునొప్పియో, చెవిపోటో, మలబద్ధకమో దానికి కారణము కాదుగదా యని ముందు చూడవలెను. ఆ నొప్పి తీరిననాడు ఆవేశమును తీరును. మందు నిజముగా అవసరమైనచో తక్కువ మోతాదున మొదలిడి, అది యెంతకాలమని మొదటనే నిర్ణయించి, ఆ గడువు రాగానే మరల విచారింపవలెను. మొదలిడిన మాత్ర అలవాటుగా ఏండ్లకొలది సాగిపోవుట పిల్లల విషయమున తగదు.

ఇవన్నియు పెద్ద పట్టణముల ముచ్చటలనియు, మన పల్లెలకు అందవనియు నిరాశపడనక్కరలేదు. మన పొరుగుననే, ఒకప్పుడు మనతోబాటు దత్తమండలములలో చేరియుండిన బళ్లారి జిల్లాలో, 1980 దాటిన సంవత్సరములలో బెంగుళూరు నిమ్హాన్సు సంస్థవారు ఒక ప్రయోగము చేసిరి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములందలి సామాన్య వైద్యులకును, సిబ్బందికిని తర్ఫీదు ఇచ్చి మనోవ్యాధుల చికిత్సను పల్లెలకు చేర్చిరి. ఆ బళ్లారి పద్ధతినే మూలముగా గైకొని 1996లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమము మొదలైనది. కరువుసీమలో ఫలించిన యోచనయే దేశమునకు దారి చూపినదనుట మనకు గర్వకారణము. ఆ పద్ధతి మాత్రను పల్లెకు చేర్చినది. ఇక దానివెంట త్రాసును, కొలతటేపును చేరవలెను. ఆరోగ్య ఉపకేంద్రమున ఏ.ఎన్.ఎం. అమ్మగారు గర్భిణులను తూచుచునే యున్నారు; మందు వాడు పిల్లలను గూడ నెలకొకసారి తూచి ఒక పుస్తకమున వ్రాసిపెట్టుట ఆమెకు పెద్ద భారము కాదు. 2018 నుండి అమలునకు వచ్చిన 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, చికిత్సను గూర్చియు, మందులవలని తెలిసిన దుష్ఫలములను గూర్చియు తెలిసికొను హక్కును రోగికిచ్చినది. అందుచేత అడుగుట మొగమాటపడవలసిన విషయము కాదు. ఆసుపత్రికి పోలేని దినమున 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే, రుసుము లేకయే సలహా దొరకును.

కడపట తల్లిదండ్రులకు నా మనవి. మందుచీటీతోబాటు ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొనుడు. అందు తేదీ, బరువు, నడుము కొలత, చక్కెర, వాడుచున్న మాత్ర పేరు, మోతాదు వ్రాయుడు. వ్రాయుట రానిచో బడిపిల్లలచేత వ్రాయింపుడు. ప్రతిసారియు అదే త్రాసుపై, చెప్పులు విప్పి, తినకమునుపు తూచుడు. వైద్యుని గదిలో కూర్చుండగానే ఆ పుస్తకమును బల్లపై తెరచి పెట్టుడు. రద్దీ యెంత యున్నను ఆ అంకెలను చూడకుండ ఏ వైద్యుడును చీటీ వ్రాయజాలడు. వైద్యమిత్రులకును నా మనవి యొకటి కలదు. చెవిలో మాటలు వినబడుట ఆగినదా యని అడిగిన నోటనే బరువెంత యని అడుగుడు. స్వస్థత పొందిన బిడ్డ నలువదియేండ్లు బ్రతుకవలసినవాడు, చదువుకొనవలసినవాడు, పెండ్లాడవలసినవాడు, పొలము దున్నవలసినవాడు. ఆ నలువదియేండ్లకు సరిపడిన దేహమును వానికి మిగిల్చిననాడే మన చికిత్స పూర్తియైనట్లు.